"కండలు రావులే, భయపడకు" అనే ఓదార్పు నాకెందుకు నచ్చదంటే

ఆడవాళ్లు బరువులెత్తడం గురించి మాట మొదలైతే చాలు, ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "మరి మగాళ్లలా అయిపోమా?" జవాబు కూడా ఎప్పుడూ రెడీగానే ఉంటుంది. "అబ్బే, మనకి అంత కండలు రావులే, భయపడకు. నాజూగ్గా, బిగుతుగా అవుతావంతే." ట్రైనర్లు ఇదే చెప్తారు, వీడియోల్లో ఇదే చెప్తారు, పక్క మెషీన్ మీదున్నావిడ కూడా ఇదే చెప్తుంది. అందరిదీ మంచి ఉద్దేశమే. ఎలాగోలా ఆ అమ్మాయి చేత ఒక డంబెల్ పట్టిస్తే చాలనుకుంటారు. అయినా సరే, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ముందు అందులో నిజమెంతో చూద్దాం. కండ పెరగడానికి టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ బాగా పనికొస్తుంది. వయసొచ్చిన మగవాళ్ల రక్తంలో అది లీటరుకి సుమారు 8 నుంచి 30 నానోమోల్‌ల దాకా ఉంటే, ఆడవాళ్లలో మామూలుగా 2.5 కూడా దాటదు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ ఉండొచ్చు గానీ అది కూడా మామూలుగా మగవాళ్ల లెక్కకి చాలా కిందే ఆగిపోతుంది. పైగా కొత్తలో, మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, మనం ఎత్తే బరువు గబగబా పెరుగుతుంది కదా, దానికి పెద్ద కారణం కండ పెరగడం కాదు, ఉన్న కండనే మెదడూ నరాలూ కలిసి ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకోవడం. బయటికి కనపడేంత కండ రావాలంటే నెలల తరబడి ఓపిక పట్టాలి. స్టేజీ మీద నూనె రాసుకుని నిలబడే వాళ్ల ఒళ్లు ఏళ్ల కష్టం, దానికి తోడు ఆ ఒక్క రోజు కోసం కొవ్వూ నీళ్లూ పిండేసుకోవడం, కొంతమంది విషయంలో స్టెరాయిడ్లు కూడా. పొద్దున్నే అద్దంలో చూసుకుని "అయ్యో, నిన్న ఒక సెట్ ఎక్కువైపోయిందే" అని ఎవరూ ఏడవాల్సిన పని లేదు.

కానీ అసలు రావు అనడం అబద్ధం. వస్తాయి. ఉన్నదాని మీద ఎంత శాతం పెరిగిందని చూస్తే ఆడవాళ్లకీ మగవాళ్లకీ పెరుగుదల దాదాపు ఒకటే. మనం తక్కువ దగ్గర మొదలవుతాం కాబట్టి తక్కువ దగ్గర ఆగుతాం, అంతే తేడా. అందరికీ ఒకేలా రావు కూడా. ఒకే ప్రోగ్రామ్ ఇద్దరు చేస్తే ఒకరికి ఏమీ తెలియదు, ఇంకొకరికి భుజాల మీద గుండ్రంగా గీత పడి తొడలు పైజామాలోంచి కూడా కనిపిస్తాయి. పుట్టుకతో వచ్చిన ఒడ్డూ పొడుగూ అది, ఎవరేం చేయగలరు?

నా కోపం ఆ రెండో అమ్మాయి తరఫున. "భయపడకు, రావులే" అన్నామంటే ఏం ఒప్పుకున్నట్టు? ఆడదానికి కండ ఉండటం నిజంగానే అసహ్యమైన సంగతి అని ఒప్పేసుకుని, నీకు మాత్రం ఆ జబ్బు అంటుకోదులే అని ధైర్యం చెప్పినట్టు. మరి అంటుకున్న అమ్మాయి సంగతేంటి?

అలాంటి అమ్మాయిని దగ్గర్నుంచి చూశాను. నేను వెళ్లే జిమ్‌లోనే, నాకంటే చాలా చిన్నది, స్క్వాట్‌లో తన ఒంటి బరువు కంటే ఎక్కువ బార్ మీద పెట్టుకుని, మోకాళ్లు వణక్కుండా అడుగుదాకా దిగి లేచేది. ఆ లేవడం చూడ్డానికి ఎంత బాగుండేదంటే నేను నా సెట్ల మధ్య విరామం కావాలని ఆ టైమ్‌కే పెట్టుకునేదాన్ని. ఉన్నట్టుండి ఆ పిల్ల స్క్వాట్ ర్యాక్ దగ్గరికి రావడం మానేసి ట్రెడ్‌మిల్ ఎక్కి గంటల తరబడి నడవడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగితే, "తొడలు చూశావా అక్కా? ఇంట్లో అందరూ మగరాయుడిలా తయారయ్యావంటున్నారు. ఉన్న జీన్స్ ఒక్కటీ పట్టడం లేదు," అంది. ట్రైనర్‌తో చెప్తే ఆయన తొడల వ్యాయామాలు తీసేసి నడకా, చిన్న చిన్న డంబెల్సూ రాసిచ్చాడట. అంటే ఆ జిమ్ మొత్తం మీద స్క్వాట్ బాగా చేసే మనిషికి స్క్వాట్ మాన్పించారు. ఒక మగపిల్లాడి తొడలకి జీన్స్ పట్టకపోతే ఇదే ట్రైనర్ వీపు తట్టి ఫోటో తీసి గోడకి అంటించేవాడు కదా?

ఆ పిల్లకి నేనేం పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. "జీన్స్ పెద్ద సైజు కొనుక్కోవే" అన్నాను. అంతకంటే మంచి సలహా ఇప్పటికీ నా దగ్గర లేదు.

ఈ భయం కొత్తదేం కాదు. అమెరికాలో అబీ స్టాక్టన్ అనే ఆవిడ 1940ల్లో శాంటా మోనికా బీచ్‌లో బరువులెత్తి పేరు తెచ్చుకుంది. పదుల కొద్దీ పత్రికల అట్టల మీద ఆవిడ బొమ్మ వచ్చింది. 1944 నుంచి ఒక వ్యాయామ పత్రికలో ఆడవాళ్ల కోసం శీర్షిక రాసింది, 1947లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ పోటీ కూడా పెట్టించింది. అప్పుడు కూడా జనానికి ఉన్న అనుమానం ఇదే, బరువులు పట్టుకుంటే ఆడతనం పోతుందని. ఆవిడ చాలా అందగత్తె కాబట్టి ఆవిడ ఫోటోనే దానికి జవాబుగా చూపించేవాళ్లు. చూడండి, బరువులెత్తినా ఎంత అందంగా ఉందో! బాగానే ఉంది, కానీ అప్పటి నుంచీ మన వాదన అక్కడే ఆగిపోయింది. అందం చెడదని రుజువు చూపిస్తేనే బరువు ముట్టుకోనిస్తారన్నమాట. ఇదంతా అయ్యాక ఆడవాళ్ల ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు మొదలవడానికి 1987 దాకా, ఒలింపిక్స్‌లో చోటు దొరకడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. మగవాళ్లు 1896లోనే అక్కడ ఎత్తేశారు. ఆడవాళ్లకి చోటిచ్చిన ఆ మొదటి ఒలింపిక్స్‌లోనే, సిడ్నీలో, కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (రెండు అంచెల్లో ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆ రోజు ఆవిడ భుజాలు ఎంత వెడల్పున్నాయని ఎవరైనా అడిగారా అంటే, అడిగే ఉంటారు, మనవాళ్లని నమ్మలేం.

దీనికంటే విచిత్రం బాడీబిల్డింగ్‌లో జరిగింది. మిస్ ఒలింపియా పోటీ 1980లో మొదలైంది. అది కండల పోటీ, ముఖ్యంగా కండ చూసే మార్కులు వేస్తారు అక్కడ. ఆ రంగాన్ని నడిపే ప్రొఫెషనల్ సంఘం 2004 చివర్లో ఒక ప్రకటన ఇచ్చింది, ఆడవాళ్లందరూ కండ 20 శాతం తగ్గించుకుని రావాలని. ఇరవై శాతమట! ఏ కండ, దేన్నుంచి ఇరవై, ఎవరు కొలుస్తారు? పరిగెత్తే పోటీలో కాస్త నెమ్మదిగా పరిగెత్తండమ్మా, బాగోదు అన్నట్టుంది కదా. 2014 తర్వాత ఆ పోటీనే కొన్నాళ్లు ఎత్తేశారు, మళ్లీ 2020లో తెచ్చారు. కండల పోటీలోనే ఆడదాని కండ ఎక్కువైందంటే ఇక మామూలు జిమ్‌లో ఆ పిల్ల తొడల గురించి అనకుండా ఉంటారా?

సరే, ఇంత కోపంగా రాశాను కాబట్టి అందంగా కనపడాలన్న కోరిక నాకు లేదని మీరు అనుకుంటే పొరపాటు. ఉంది, బోలెడంత. బయటికెళ్లే ముందు నాలుగు బట్టలు మార్చే మనిషిని నేను. "ఆరోగ్యం కోసమే చేస్తున్నాం, లుక్స్ మాకు లెక్కలేదు" అనే వాళ్లని చూస్తే కొంచెం అనుమానం కూడా. అందుకే బరువులెత్తితే చూడ్డానికి ఏం మారుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను. వీపు పైభాగం గట్టిపడితే గూని తగ్గి మనిషి నిటారుగా నిలబడుతుంది, అది అన్నిటికంటే ముందు ఫోటోల్లో తెలుస్తుంది. పిరుదులకి ఆకారం వస్తుంది. చేతులకి కూడా. పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట మీద కొవ్వే కరగాలని రూలేం లేదు, ఒంట్లో కొవ్వు ఎక్కడ ముందు కరగాలో ఒళ్లే నిర్ణయించుకుంటుంది, మనల్ని అడగదు. స్ట్రెచ్ మార్క్స్ పోవు, తొడలు గబగబా పెరిగితే కొత్తవి కూడా రావొచ్చు. అరచేతుల్లో వేళ్ల మొదట్లో కాయలు కాస్తాయి, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇస్తే వాళ్లకి తెలిసిపోతుంది. నాకవంటే ముద్దు, ఎందుకో అడక్కండి.

ఇక బరువు తూచే మెషీన్ గురించి. మొదటి కొన్ని వారాల్లో అది పైకి పోవచ్చు, కంగారుపడొద్దు. పనిచేసే కండ గ్లైకోజెన్‌ని, అంటే ఇంధనంగా వాడుకునే పిండిపదార్థాన్ని, దాచుకుంటుంది, దాంతో పాటు నీళ్లనీ పట్టుకుంటుంది, ఒక గ్రాముకి దాదాపు మూడు గ్రాముల నీళ్లు. ఆ తర్వాత చాలామందికి బరువు పెద్దగా మారకుండా బట్టలు మాత్రం మారిపోతాయి, కిలో కొవ్వు కంటే కిలో కండ తక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి. నా జీన్స్ పరిస్థితి చెప్తాను: తొడల దగ్గర ఊపిరాడదు, నడుము దగ్గర వెనకవైపు అరచేయి దూరేంత ఖాళీ. బెల్టు బిగిస్తే వెనకాల గుడ్డ మడత పడుతుంది. షర్టులకి భుజాల దగ్గర కుట్టు వెనక్కి లాగుతుంది, చేయి చాపితే చంక దగ్గర పట్టేస్తుంది. బట్టలు కుట్టేవాళ్లు ఆడవాళ్లకి వీపు ఉంటుందని ఇంకా నమ్మినట్టు లేరు.

మగవాళ్లకి నచ్చుతామా అని చాలామంది అడగలేక ఊరుకుంటారు, నేను అడిగేస్తాను. 1985లో ఫాలన్, రోజిన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక పని చేశారు. బక్కపల్చటి ఒంటి నుంచి లావు ఒంటి దాకా వరసగా గీసిన బొమ్మలు కాలేజీ వాళ్ల ముందు పెట్టి, మగవాళ్లకి ఏది నచ్చుతుందనుకుంటున్నారో అమ్మాయిల్ని అడిగారు, నిజంగా ఏది నచ్చుతుందో అబ్బాయిల్ని అడిగారు. అమ్మాయిలు ఊహించిన బొమ్మ, అబ్బాయిలు నిజంగా చూపించిన బొమ్మ కంటే సన్నగా ఉంది. అమ్మాయిలు తమకోసం కోరుకున్న బొమ్మ ఆ ఊహ కంటే కూడా సన్నం. అంటే ఎవరూ అడగని సన్నదనం కోసం కడుపు మాడ్చుకుంటున్నామన్నమాట. అది కండ గురించి చేసింది కాదు, సన్నం లావు గురించే, అయినా నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఇక కండ ఉన్న ఆడవాళ్లు నచ్చని మగవాళ్లు ఉన్నారు, దాచుకోవడం దేనికి, మొహం మీదే చెప్పిన వాళ్లూ ఉన్నారు. నచ్చేవాళ్లు కూడా ఉన్నారు. మా ఆయన నా భుజాలు చూసి మురిసిపోయాడని రాస్తే బాగానే ఉంటుంది గానీ ఆ మహానుభావుడు చాలాకాలం దాకా అసలు గమనించనే లేదు. ఓ రోజు బీరువా జరపాల్సి వచ్చి చెరోవైపు పట్టుకుంటే, నా వైపు ముందు లేచింది. "ఆగవే బాబూ" అన్నాడు. నాకు వచ్చిన కాంప్లిమెంట్ అదీ.

నాకు ఇంకో చిరాకు కూడా ఉంది. ఈ మధ్య సన్నగా ఉండటం పాతబడి స్ట్రాంగ్‌గా ఉండటం ఫ్యాషన్ అయింది, మంచిదే అనుకుంటాం. కానీ ఫోన్‌లో తిరిగే ఆ ఫోటోలు చూడండి. నడుము పిడికెడు, పొట్ట మీద ఆరు పలకలు, పిరుదులు గుండ్రంగా, మొహం మీద చెమట కూడా అందంగా. పాత కొలతలు ఒక్కటీ తీసేయకుండా వాటి మీద కొత్తవి కలిపారు. 2015లో టిగ్గెమాన్, జక్కార్డో అనే ఇద్దరు పరిశోధకులు కొంతమంది యువతులకి ఇలాంటి ఫిట్‌నెస్ ఫోటోలు, ఇంకొంతమందికి ప్రయాణాల ఫోటోలు చూపించి పోల్చారు. వ్యాయామం చెయ్యాలన్న ఉత్సాహం కలిగిన మాట నిజమే, కానీ ఫిట్‌నెస్ ఫోటోలు చూసినవాళ్లకి మూడ్ పాడైంది, తమ ఒంటి మీద అసంతృప్తి పెరిగింది. వ్యాయామం కాగానే రక్తం పొంగి కండ ఉబ్బి ఉన్నప్పుడు, పక్క నుంచి లైటు పడేలా, ఊపిరి బిగబట్టి తీసిన ఫోటో అది. ఆవిడ కూడా రాత్రి భోంచేశాక అలా ఉండదు.

అద్దం గురించి కూడా చెప్పాలి. 1998లో ఫ్రెడ్రిక్‌సన్, ఆవిడ తోటివాళ్లు చేసిన ప్రయోగం ఒకటుంది. అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ ఒక్కొక్కరినే గదిలో ఉంచి, కొందరికి స్విమ్‌సూట్, కొందరికి స్వెట్టర్ ఇచ్చి, నిలువుటద్దంలో చూసుకోమని, ఆ బట్టల్లోనే లెక్కలు చేయమన్నారు. చూసేవాళ్లెవరూ లేరు. అయినా స్విమ్‌సూట్ వేసుకున్న అమ్మాయిలకి లెక్కల్లో మార్కులు తగ్గాయి, అబ్బాయిలకి ఏ తేడా లేదు. బుర్రలో కొంత భాగం ఎప్పుడూ "నేనెలా కనపడుతున్నాను" అనే కాపలా కాస్తుంటే మిగతా పనికి మిగిలేది తక్కువే కదా. జిమ్‌లోనేమో నాలుగు వైపులా అద్దాలు! నేను మాత్రం స్క్వాట్ చేసేటప్పుడు అద్దానికి వీపు పెట్టి గోడ వైపు తిరుగుతాను, ఎవరేమనుకున్నా.

డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీదున్న బార్‌ని వంగి పట్టుకుని లేచి నిలబడటంలో, అయితే ఆ బాధే లేదు, చూసుకునే ఖాళీ ఉండదు. బార్ మోకాలి కింది ఎముకకి దాదాపు ఆనుకుని ఉంటుంది. వంగి పట్టుకుంటే దాని గరుకు అరచేతి కాయల్లోకి దిగుతుంది. ఊపిరి పొట్ట నిండా పీల్చి, నడుం చుట్టూ నలువైపులా గట్టిగా బిగించి, చంకలు నొక్కిపెట్టి, అప్పుడు నేలని కాళ్లతో తోస్తాం. బరువు ఎక్కువైతే వెంటనే లేవదు. ఒక క్షణం బార్ వంగుతుంది గానీ ప్లేట్లు కదలవు, కాళ్లు తోస్తూనే ఉంటాయి. ఆ క్షణంలో పొట్ట మడతలు పడిందా, టీషర్ట్ పైకి జరిగిందా, మొహం ఎంత వికారంగా పెట్టానో, ఇవేవీ బుర్రలో ఉండవు, నాకైతే నా పేరు కూడా గుర్తుండదు. తర్వాత ప్లేట్లు లేస్తాయి. లేదా లేవవు. వంద కిలోలంటే వంద కిలోలే, మనం ఏ బట్టల్లో ఉన్నా, ఆ రోజు మొహం మీద మొటిమ ఉన్నా, దానికేం పట్టదు. నా ఒంటి గురించి ఇంత నిష్పక్షపాతంగా మాట్లాడిన వస్తువు ఇంకోటి నాకు తగల్లేదు.

ఇది చదివి ఎవరైనా మొదలుపెడతారేమో, కాబట్టి ఎవరూ పెద్దగా మాట్లాడని రెండు విషయాలు. బరువెత్తినప్పుడు, ఎగిరినప్పుడు కొంచెం మూత్రం జారడం చాలామందికి ఉంటుంది, ముఖ్యంగా కాన్పు అయినవాళ్లకి. సిగ్గుపడి జిమ్ మానేసేవాళ్లు చాలామంది. అది చాలా మామూలు విషయం, అలాగని భరిస్తూ కూర్చోవాల్సిందీ కాదు. కటి కండరాలకి వ్యాయామాలున్నాయి, నేర్పించే ఫిజియోలున్నారు, చాలామందికి తగ్గుతుంది. రెండోది, బరువులెత్తుతూ తిండి తగ్గించేసి నెలసరి ఆగిపోతే దాన్ని కష్టానికి ఫలితం అనుకోవద్దు. ఒంటికి ఇంధనం చాలడం లేదని అర్థం, ఎముకలు దెబ్బతింటాయి, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అందం మోజులో పడి ఇక్కడ దెబ్బతిన్న వాళ్లు తక్కువేం కాదు, క్రీడాకారిణులతో సహా.

ఎముకలంటే గుర్తొచ్చింది. నెలసరి ఆగిన వయసు వాళ్లకి "బరువులా, వామ్మో" అని నడక ఒక్కటే చెప్తుంటారు. ఆస్ట్రేలియాలో లిఫ్ట్‌మోర్ అని ఒక ట్రయల్ జరిగింది, ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఎముకల సాంద్రత తగ్గిన 101 మంది పెద్దావిడల్లో సగం మంది చేత ఎనిమిది నెలలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున నిజంగా బరువైన డెడ్‌లిఫ్టులు, స్క్వాట్లు, ఓవర్‌హెడ్ ప్రెస్సులు చేయించారు, దగ్గరుండి చూసుకుంటూ. వాళ్ల నడుం వెన్నెముక సాంద్రత సగటున 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసుకున్న మిగతా సగానికి 1.2 శాతం తగ్గింది. ఆ పెద్దావిడల్లో ఎవరికైనా భుజాలు వెడల్పయ్యాయేమోనని ఎవరూ దిగులుపడి ఉండరు. మా పిన్ని కూడా ఇప్పుడు నాతో పాటు వస్తోంది. మొదటిరోజే "ఏమే, నాకు కూడా నీలా బస్తాల్లాంటి భుజాలొస్తాయా?" అని అడిగింది. "కష్టపడితే వస్తాయి పిన్నీ, ఎన్నాళ్లో పడుతుంది మరి" అన్నాను. "అయితే తొందరగా మొదలెడదాం పద" అంది.

ఎంత బరువుతో మొదలుపెట్టాలని అడిగేవాళ్లకి: ఎనిమిది పదిసార్లు శుభ్రంగా చేశాక ఇంకో రెండు మూడు చేయగలననిపించేంత. అది కర్ర అయినా, ఖాళీ బార్ అయినా పర్లేదు. అది తేలికైపోతే కొంచెం కలపండి, మళ్లీ తేలికైతే మళ్లీ కలపండి, వారానికి రెండు రోజులు కుదిరినా చాలు. ఒక్కటి చూసుకోండి, జిమ్‌లో రెండు రకాల బార్లు ఉండొచ్చు, ఒకటి 20 కిలోలది, ఇంకోటి 15 కిలోలది. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. చేతికి సన్నగా తగిలేది 15 కిలోలది, 25 మిల్లీమీటర్లే ఉంటుంది, చిన్న అరచేతులున్నవాళ్లకి అదే సుఖం. మా జిమ్‌లో దాన్ని మూలకి పడేశారు, అడిగితే గానీ ఇవ్వరు. అడగండి.